మూడు సెకన్ల నిబంధన

ఫోన్లో మూడు సెకన్లకు మించి నోరు మూసుకుని కూర్చుంటే తప్పు. ఆమె పనిచేసే చోట గోడ మీద అచ్చేసి అతికించిన నిబంధన ఇది. అవతలివాడు అరవనీ, ఏడవనీ, తన పెట్టె పోయిందని కంపెనీ ఏడు తరాలనూ ఎత్తి తిట్టనీ, ఊపిరి తీసుకోవడానికి ఆగిన మరుక్షణం ఇవతలి నుంచి మాట వెళ్ళాలి. ముందు వాడి బాధను వాడికే తిరిగి వినిపించాలి. తర్వాత క్షమాపణ. తర్వాత ఏం చేయబోతున్నదీ చెప్పాలి. చివరికి, "ఇంకేమైనా సహాయం కావాలా?" అని అడగాలి. విమానాల్లో పోయిన సామాను గురించి ఆమె పదకొండేళ్ళుగా స్పానిష్ భాషలో క్షమాపణలు చెబుతోంది. ఆమె ఒక్క పెట్టె కూడా పోగొట్టలేదు. ఆ మాటకొస్తే ఇంతవరకు విమానమే ఎక్కలేదు.

తోటివాళ్ళు ఆమెకు క్షమాపణమ్మ అని పేరు పెట్టారు. మనమూ అలాగే పిలుద్దాం. ఆమె ఏమీ అనుకోదు. అనుకున్నా ముందు తనే సారీ చెప్పి ఊరుకుంటుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు కదా, ఆ మంచి నోటి పుణ్యమా అని వరుసగా మూడేళ్ళు విభాగంలో మొదటి బహుమతి ఆమెకే వచ్చింది. బహుమతి అంటే గోడ గడియారం. మూడు గడియారాలూ ఇంట్లో మూడు గోడల మీద మూడు రకాల టైములు చూపిస్తుంటాయి. ఊళ్ళో ఉన్న లిఫ్టులన్నీ బాగుచేసే మొగుడు వాటి జోలికి మాత్రం ఈనాటికీ పోలేదు.

అలాంటి మనిషి నాలుగేళ్ళ కిందట స్పానిష్ భాషా సాహిత్యాల్లో ఎమ్మే చేస్తానంది. రోజంతా మాట్లాడేది అదే భాష కదా, మళ్ళీ దాంట్లో చదువేంటని మొగుడు అడిగాడు. జవాబు తెలుసు కానీ చెప్పడానికి ఆమెకు సిగ్గేసింది. ఒకరోజు భోజన విరామంలో తను ఫోన్లో వాడే వాక్యాలన్నీ కాగితం మీద రాసి చూసుకుంది. ఇరవై రెండు తేలాయి. ఇరవై రెండూ కంపెనీ రాసిచ్చినవే. పదిహేడేళ్ళప్పుడు, గ్రంథాలయంవాళ్ళు పారేయబోతున్న పుస్తకాలు అడిగి తెచ్చుకుని, నిఘంటువు పక్కన పెట్టుకుని, పేజీకో సాయంత్రం చొప్పున కూర్చుని నేర్చుకున్న భాష అది. అప్పటికి ఏడేళ్ళుగా ఆ భాష మీదే బతుకుతూ, అందులో తనదని చెప్పుకోవడానికి ఒక్క వాక్యం లేదు. ఆ కాగితం చూసి ఆమెకు ఏడుపొచ్చింది.

ఏడుపుతో పాటు ఒక ఆశ కూడా ఉంది. ఊళ్ళోని భాషా సంస్థలో స్పానిష్ పాఠాలు చెప్పే ఆవిడ మరో నాలుగేళ్ళలో రిటైరు కాబోతోంది. ఎమ్మే పట్టా, దాంట్లో మౌఖిక ధారాళతకు, అంటే తడుముకోకుండా మాట్లాడటానికి, పదికి కనీసం ఆరు మార్కులు పట్టుకొస్తే ఆ కుర్చీ నీదేనని అక్కడి ప్రిన్సిపాల్ మాటిచ్చాడు. ఆరేనా అనుకుంది క్షమాపణమ్మ. రోజుకు ఎనభై ఫోన్లు మాట్లాడేదానికి ధారాళతలో ఆరు మార్కులు ఒక లెక్కా. మిగతా చదువంతా ఎలా ఉన్నా, అదొక్కటీ నల్లేరు మీద బండి నడకే అనుకుంది.

ఉదయం ఆరు నుంచి రెండు దాకా ఫోన్లు, మూడు నుంచి క్లాసులు. బస్సులో నిలబడి కవిత్వం, వంటింట్లో పోపు మాడుతుండగా భాషా చరిత్ర. రెండేళ్ళ కోర్సు కాస్తా నాలుగేళ్ళకు సాగింది. ఎలాగో పేపర్లన్నీ గట్టెక్కాయి. మిగిలింది థీసిస్, దాని మీద వైవా. అక్కడ పట్టుకుంది అసలు శని.

ఆమె ఎంచుకున్నది రాసిందెవరో తెలియని పాత నాటకం. నాలుగు వందల ఏళ్ళనాటిది. అందులో ఒక పనిమనిషి ఉంటుంది. మొదటి రెండు అంకాల్లో గలగలా మాట్లాడుతుంది, యజమానులకు బుద్ధులు చెబుతుంది, జరగబోయే అనర్థం గురించి నెత్తీ నోరూ బాదుకుంటుంది. మూడో అంకం మొదట్లో దీపం పట్టుకుని లోపలికి వస్తుంది. అంతే. ఆపైన ఒక్క మాట మాట్లాడదు. వెళ్ళిపోయినట్టు కూడా ఎక్కడా రాసి లేదు. పండితులంతా కలిసి, రాసినవాడు ఆమెను మరిచిపోయాడని తేల్చేశారు. అందరికంటే గట్టిగా తేల్చింది వైవాకు బయటి నుంచి వచ్చే పరీక్షకుడు. ఆయన దాని మీద ఇరవై పేజీల వ్యాసమే రాశాడు. ఆ పెద్దాయనే తన థీసిస్‌కు పరీక్షకుడని క్షమాపణమ్మకు విషయం ఎంచుకున్నాక తెలిసింది. అదృష్టం అంటే అలా ఉండాలి.

ఆమె గైడు మేడం ఎర్ర పెన్సిలు పట్టే మనిషి. మాటలు తక్కువ, గీతలు ఎక్కువ. మొదటి మూడు అధ్యాయాలు చదివి ఒక వాక్యాన్ని వేలితో చూపించి పైకి చదవమంది. క్షమాపణమ్మ చదివింది. ఫలానా పండితుడి సందేహాన్ని మేము పూర్తిగా అర్థం చేసుకున్నాం, ఈ విషయంలో ఆయనకు కలిగిన ఇబ్బందికి చింతిస్తున్నాం అని ఉంది అక్కడ. మూడు వందల ఏళ్ళ కిందట పోయిన పండితుడికి క్షమాపణ. చదివేదాకా ఆమెకు అది తప్పని తోచనే లేదు.

"ఇందులో నువ్వెక్కడున్నావమ్మా?" అంది మేడం. "ఆయన ఇలా అన్నాడు, ఈవిడ అలా అంది. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకుంటున్నావు. ఆ పనిమనిషి గురించి నువ్వేమనుకుంటున్నావు?"

"సారీ మేడం, మారుస్తాను," అంది క్షమాపణమ్మ.

మార్చింది. ఆ క్షమాపణ వాక్యం తీసేసింది. దాని స్థానంలో ఇంకో పండితుణ్ణి తెచ్చి కూర్చోబెట్టింది. నాలుగుసార్లు రాసింది, నాలుగుసార్లూ ఎర్ర పెన్సిలు అదే ప్రశ్న రాసి పంపింది. ఐదోసారి మేడం విసిగిపోయి సరే వైవాకు వెళ్ళమంది.

ఆ మొదటి వైవా సంగతి తలచుకుంటే క్షమాపణమ్మకు ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. బల్లకు అటువైపు మేడం, శాఖాధిపతి, మధ్యలో పెద్దాయన. రాసినవాడు మరిచిపోయిన పాత్ర మీద ఇన్ని పేజీలెందుకని పెద్దాయన మొదలుపెట్టి ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. ఆగకపోయినా బాగుండేది. మూడో సెకను పడకముందే ఆమె నోరు దానంతటదే తెరుచుకుంది. వారి అసంతృప్తి తనకు పూర్తిగా అర్థమైందని, ఇన్ని పేజీలు చదవాల్సి రావడం ఎంత కష్టమో ఊహించగలనని, కలిగిన అసౌకర్యానికి మన్నించమని, వెంటనే సవరిస్తామని చక్కటి స్పానిష్‌లో చెప్పింది. ఆయన తొమ్మిది అభ్యంతరాలు చెప్పాడు. ఆమె తొమ్మిదింటికీ క్షమాపణ చెప్పింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన అనని తప్పులు కూడా రెండు ఒప్పుకుంది. చివర్లో శాఖాధిపతి, నువ్వు చెప్పాల్సిందేమైనా ఉందా అని అడిగితే, ఆమె వినయంగా ముందుకు వంగి, "ఇంకేమైనా సహాయం కావాలా?" అంది.

ముందు శాఖాధిపతి నవ్వాడు. తర్వాత పెద్దాయన. మేడం మాత్రం నవ్వకుండా పెన్సిలు బల్ల మీద పెట్టేసింది. వాదన శూన్యం, థీసిస్ తిరిగి రాయాలి అని ఫలితం వచ్చింది. మౌఖిక ధారాళత: పదికి తొమ్మిది. వైవాయే తప్పింది కాబట్టి ఆ తొమ్మిది గాలికి పోయింది. రిజిస్ట్రేషన్ గడువు ఇంకో నాలుగు నెలలే. రెండో అవకాశమే ఆఖరిది. అది కూడా పోతే నాలుగేళ్ళ చదువు, కుర్చీ, అన్నీ పోయినట్టే.

ఇంట్లో ఆమె అత్తగారు ఒకప్పుడు బట్టల కార్ఖానాలో సూపర్‌వైజరు. అరవై మంది చేత మాట్లాడకుండా పనిచేయించిన ఆవిడ. సంగతంతా విని, ఇందులో ఇంత ఏడవాల్సిందేముంది, నోరు మూసుకోవడం నేర్చుకుంటే సరి అని తేల్చింది. మర్నాటి నుంచి సాయంత్రం టీ తాగాక అభ్యాసం. అత్తగారు కళ్ళలోకి సూటిగా చూస్తూ, "ఏమంటావు?" అని అడగాలి. కోడలు పది సెకన్లు ఊరుకుని అప్పుడు మాట్లాడాలి. వంటింటి గడియారంలో సెకన్ల ముల్లు ఆగిపోయింది కాబట్టి హాల్లో గడియారం కింద కూర్చున్నారు.

"ఏమంటావు?" అంది అత్తగారు.

"సారీ అత్తయ్యా," అంది కోడలు రెండో సెకన్లో.

వారం రోజులు చేశారు. ఎక్కువలో ఎక్కువ నాలుగు సెకన్లు లాగింది. ఐదో సెకనుకల్లా ఎవరో హెడ్‌సెట్లోంచి వింటూ మార్కులు కోసేస్తున్నట్టు అనిపించేది. మౌనం అర్ధాంగీకారం అంటారు, నీ నోరు పూర్ణాంగీకారం అని అత్తగారు విసుక్కుంది. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళు కూడా ఇంతలా కంగారుపడరని మొగుడు నవ్వాడు. క్షమాపణమ్మకు ఒళ్ళు మండింది. వీళ్ళ మీద కాదు, తన నోటి మీద. పదకొండేళ్ళు ఆ నోటికి జీతం ఇచ్చి పెంచిన కంపెనీ మీద.

ఇక గడువు రెండు నెలలు ఉందనగా ఒక ఫోన్ వచ్చింది. ఒక ముసలాయన. పియానోలు బాగుచేసే పనిముట్ల పెట్టె పోయిందట. ఆ పెట్టెలో ఏమేమున్నాయో, ఏ విమానం మారాడో, ఎవరితో ఏం చెప్పాడో అన్నీ వివరంగా, మర్యాదగా చెప్పాడు. ఆమె ఆయన్ని హోల్డ్‌లో పెట్టి వెతికింది. కంప్యూటర్ మొరాయించింది. పదకొండు నిమిషాలు పట్టింది. తిరిగి లైన్లోకి వచ్చి, ఉన్నారా అని అడిగితే జవాబు లేదు. ఫోన్ పెట్టేసి ఉంటాడనుకుంది. ఇంతలో అవతల కుర్చీ కిర్రుమంది. కప్పులో చెంచా తిరిగిన చప్పుడు. ఆయన ఉన్నాడు.

"ఉన్నానమ్మా, ఎక్కడికి పోతాను?" అన్నాడాయన నెమ్మదిగా. "నేను చెప్పాల్సింది చెప్పేశాను. ఇక మీ వంతు."

క్షమాపణమ్మ చెయ్యి కీబోర్డు మీద ఆగింది. మూడో అంకంలో దీపం పట్టుకుని నిలబడిన మనిషి ఎవరో, ఎందుకు మాట్లాడదో ఆ క్షణాన అర్థమైంది. రెండు అంకాల నిండా చెప్పాల్సిందంతా చెప్పింది. ఎవరూ వినలేదు. ఇప్పుడు వాళ్ళ వంతు. ఆమె ఎక్కడికీ పోలేదు, హోల్డ్‌లో ఉంది. హోల్డ్‌లో ఉన్న మనిషి మాట్లాడకపోతే లేనట్టు కాదు. ఈ సంగతి తెలియడానికి పాండిత్యం అక్కర్లేదు, పదకొండేళ్ళు హెడ్‌సెట్ పెట్టుకుంటే చాలు. ఇన్నాళ్ళూ తనకు తెలిసిన ఒకే ఒక్క విషయాన్ని వదిలేసి ఊళ్ళోవాళ్ళ విషయాలన్నీ రాసింది.

ఆ ఫోన్లో తొమ్మిది సెకన్లు మౌనం నమోదైంది. టీమ్ లీడరు పిలిచి తప్పు మార్కు వేశాడు. ఈ ఏడాది గడియారం ఆశ వదులుకోమన్నాడు. ఇంట్లో గోడలు ఖాళీ లేవని ఆమె అనబోయి, మళ్ళీ సారీయే చెప్పింది.

పనిమనిషి మీద కొత్త అధ్యాయం ఇరవై రోజుల్లో పూర్తయింది. మేడం దాన్ని ఆమె ఎదురుగానే చదివింది. ఎర్ర పెన్సిలు రెండుసార్లు లేచి రెండుసార్లూ దిగిపోయింది. చివరికి హోల్డ్ గురించి ఉన్న పేరా చుట్టూ సున్నా చుట్టింది. వాదన బాగుందని, ఇది మాత్రం తీసేయమని చెప్పింది. ఫోన్ ఉద్యోగం ముచ్చట్లు థీసిస్‌లో చూస్తే పెద్దాయన మొదటి పేజీకే మూసేస్తాడట. ఇన్నాళ్ళూ నువ్వెక్కడ నువ్వెక్కడ అని తినేసి, తీరా తను కనబడగానే బయటికి పొమ్మంటోంది. క్షమాపణమ్మకు అరవాలనిపించింది. అరవకుండా ఆ పేరా తీసేసింది.

రెండో వైవా అదే గదిలో, అదే బల్ల దగ్గర. ఫ్యాను తిరిగినప్పుడల్లా కాగితాలు లేస్తుంటే పెద్దాయన వాటి మీద కళ్ళజోడు పెట్టె పెట్టాడు. ఈసారి కాస్త శ్రద్ధగానే చదివినట్టున్నాడు. చిన్న చిన్న ప్రశ్నలు నాలుగు అడిగాడు. ఆమె గబగబా చెప్పింది, క్షమాపణలు రెండే దొర్లాయి. అప్పుడాయన వెనక్కి వాలి అసలు ప్రశ్న వేశాడు.

"మాట్లాడని మనిషి అక్కడే ఉందని నీకెలా తెలుసు?"

క్షమాపణమ్మ నోరు తెరిచింది. మీ సందేహం నాకు పూర్తిగా అర్థమైంది అన్న వాక్యం నాలుక చివరకు వచ్చి నిలబడింది. పదకొండేళ్ళుగా అన్నం పెట్టిన వాక్యం. ఆమె నోరు మూసుకుంది. మూడు సెకన్లు దాటాయి. పది దాటాయి. శాఖాధిపతి గొంతు సవరించుకున్నాడు. మేడం తలెత్తి చూసింది. క్షమాపణమ్మ ఆలోచించింది. ఎక్కడ మొదలుపెట్టాలో, ఏది తనదో, ఏది ఎవరిదో ఒక్కొక్కటీ విడదీసుకుంది. తర్వాత మేడం చెప్పిన లెక్క ప్రకారం అది నలభై సెకన్ల పైమాటే.

అప్పుడు నెమ్మదిగా, మాట మాటకూ వెతుక్కుంటూ చెప్పింది. తన ఉద్యోగం గురించి చెప్పింది, హోల్డ్ గురించి చెప్పింది, కప్పులో చెంచా చప్పుడు గురించి చెప్పింది. పనిమనిషి తెచ్చిన దీపం ఆ తర్వాత కూడా వెలుగుతోందని నాటకంలో మూడుచోట్ల ఉందని, దీపం ఉంటే పట్టుకున్న చెయ్యి ఉండాలని చెప్పింది. ఈ వాక్యాలేవీ ఆమె ముందెన్నడూ పలకలేదు. మధ్యలో ఆగింది, ఒక పదం దిద్దుకుంది, మళ్ళీ ఆగింది.

ఇది సాహిత్య విమర్శా, టెలిఫోన్ కబుర్లా అన్నాడు పెద్దాయన. రచయిత మరిచిపోయాడనడమే సబబని తన అభిప్రాయం మళ్ళీ చెప్పాడు.

"మీరన్నది నేను ఒప్పుకోను," అంది క్షమాపణమ్మ. ఆ తర్వాత ఇంకేమీ అనలేదు.

రెండు వారాలకు ఫలితం వచ్చింది. థీసిస్ అంగీకరించారు. వాదనతో ఏకీభవించలేకపోయినా అది అభ్యర్థి సొంతమేనని పెద్దాయన స్వయంగా రాశాడు. ఆ ఒక్క ముక్క ఆమె ఆరుసార్లు చదువుకుంది. తర్వాత చూపు కింది గడి మీద పడింది. మౌఖిక ధారాళత: పదికి నాలుగు. పక్కన చిన్న అక్షరాల్లో, అభ్యర్థి మాట్లాడటంలో తడబడుతున్నది, భాష మీద ఇంకా పట్టు రావాలి.

ఆమె ఆ కాగితం పట్టుకుని మెట్ల మీదే కూర్చుండిపోయింది. నోరు అదే, భాష అదే, గది అదే, పెద్దాయనా ఆయనే. కంపెనీ వాక్యాలు వల్లిస్తే తొమ్మిది. తన మాట చెబితే నాలుగు. పట్టా చేతికొచ్చింది, కుర్చీ పోయింది. ప్రిన్సిపాల్‌కు ఫోన్ చేస్తే పాపం అతను నిజంగానే బాధపడ్డాడు. నిబంధన నిబంధనే, ఆరు లేకపోతే తనేం చేయలేనన్నాడు. పైగా, కలిగిన అసౌకర్యానికి మన్నించమన్నాడు. ఎవరో ఒకరు తనకు క్షమాపణ చెప్పడం ఇదే మొదటిసారని ఆమెకు తర్వాత తట్టింది.

ఆ సాయంత్రం మేడం ఫోన్ చేసింది. పెద్దాయనతో తను మాట్లాడిందట. ఆయన మనిషి చెడ్డవాడు కాదట, కాస్త గౌరవం కోరుకుంటాడు, అంతేనట.

"రెండు వాక్యాలు రాసివ్వు చాలు," అంది మేడం. "ఆ రోజు కంగారులో జవాబు ఆలస్యమైంది, మన్నించండి, మార్కులు పునఃపరిశీలించండి అని. ఆరు వేస్తానన్నాడు. ఇదొక్కటీ నీకు కష్టం కాదు కదా."

నిజమే. రోజుకు ఎనభై చెబుతుంది, ఎనభై ఒకటోది ఏం బరువు. అత్తగారు కూడా అదే అంది. రాసి పారేయ్, కాగితమే కదా, పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం. ఉద్యోగం వచ్చాక ఆయన్ని తిట్టుకోవచ్చంది. మొగుడు మాత్రం ఏమీ అనకుండా వంటింటి గడియారం దించి, దాని వెనక మూత ఊడదీసి కూర్చున్నాడు.

క్షమాపణమ్మ తెల్లకాగితం తీసుకుంది. గౌరవనీయులైన అని మొదలుపెట్టింది. కంగారు అని రాసి కొట్టేసింది. ఆలస్యం అని రాసి కొట్టేసింది. ఇరవై రెండు వాక్యాల్లో ఏదో ఒకటి తెచ్చి పెడితే పని అయిపోతుంది. అవన్నీ కంఠతా వచ్చు. ఒక్కటీ చేతికి దిగలేదు. అత్తగారు పక్క కుర్చీలో కూర్చుని చాలాసేపు చూసింది.

"ఏమంటావు?" అంది చివరికి.

కోడలు జవాబు చెప్పలేదు. పది సెకన్లు గడిచాయి, ఇరవై గడిచాయి. అత్తగారు ఇంకోసారి అడగలేదు.

మర్నాడు షిఫ్టు అయిపోయాక ఆమె విశ్వవిద్యాలయం ఆఫీసులో గుమాస్తా ముందు కాగితం పెట్టింది. ఇలాంటి అర్జీలు ఎన్నో చూసిన మనిషి అతను. స్పానిష్ రాకపోయినా, నియమం ప్రకారం కింద తెలుగులో రాసింది చదివాడు. రెండే వాక్యాలు ఉన్నాయి.

ఆ రోజు నేను తడబడలేదు. ఆలోచించాను.

"ఇందులో మన్నించమని ఎక్కడా లేదేంటమ్మా," అన్నాడతను. "ఇలా రాస్తే మార్కులు పెరగవు. ఓ ముక్క కలిపి తెస్తావా?"

క్షమాపణమ్మ కాగితం వైపు చూసుకుంది. అతను ఎదురుచూశాడు. వెనక క్యూలో ఎవరో అసహనంగా కదిలారు. ఆమె తాపీగా నిలబడి ఆలోచించుకుంది.

"వద్దండీ," అంది. "అలాగే తీసుకోండి."

అతను భుజాలెగరేసి కాగితం మీద ముద్ర కొట్టి, అందినట్టు చీటీ చింపి ఇచ్చాడు. ఆమె దాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది. రేపు పొద్దున ఆరింటికి మళ్ళీ షిఫ్టు ఉంది.